ఖైదీల కుటుంబాల సర్వేకు కోబోటూల్‌బాక్స్: ఏమేం మార్చి వాడాలి

కాగితం ఫారాల నుంచి ఫోన్ సర్వేకు మారాలనుకునే సోషల్ వర్క్, క్రిమినాలజీ విద్యార్థులకు, న్యాయసహాయ సంస్థలకు ముందుగా వినిపించే పేరు కోబోటూల్‌బాక్స్. ఓపెన్ సోర్స్, పరిమితుల్లో ఉచితం. కోబోకలెక్ట్ యాప్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో నెట్ లేకపోయినా ఫారం నింపుకోవచ్చు, ప్రశ్నలన్నీ తెలుగులో పెట్టుకోవచ్చు. పంటల సర్వేకో తాగునీటి సర్వేకో అయితే ఇంతకు మించి వెతకక్కర్లేదు. రిమాండ్ ఖైదీ భార్యను కూర్చోబెట్టి "బెయిల్ ఎందుకు రాలేదమ్మా, స్టేషన్‌లో ఏం జరిగింది" అని అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం లెక్క వేరు. అక్కడ ఒక్క జవాబు బయటికి పొక్కినా నష్టపోయేది ఆ కుటుంబమే. ఈ రివ్యూ ఆ ఒక్క పని గురించే.

మన తీర్పు ఇది: బయట ఉన్న కుటుంబాలతో, విడుదలై వచ్చినవాళ్లతో చేసే ప్రశ్నావళి సర్వేకు కోబో బాగా పనికొస్తుంది, సెట్టింగులు మార్చాకే. ఉన్నది ఉన్నట్టు వాడితే ప్రమాదం. నేరం ఎలా జరిగిందో చెప్పించుకునే సుదీర్ఘ ఇంటర్వ్యూలకు అసలు వద్దు.

ఎందుకంటే లాయరుకూ కక్షిదారుకూ మధ్య మాటలకు చట్టం ఇచ్చే రక్షణ పరిశోధకుడికి లేదు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 94 కింద కోర్టు గానీ స్టేషన్ అధికారి గానీ పత్రాలు, ఎలక్ట్రానిక్ సమాచారం, ఫోన్‌లాంటి పరికరాలు తెచ్చి ఇమ్మనొచ్చు. అమెరికాలోని బోస్టన్ కాలేజీ బెల్‌ఫాస్ట్ ప్రాజెక్టులో ఇలాంటిదే జరిగింది. ఉత్తర ఐర్లాండ్ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఇరుపక్షాల మాజీ సభ్యుల మాటలను 2001 నుంచి 2006 వరకు రికార్డు చేశారు. బతికి ఉన్నంత కాలం బయటపెట్టమని వాళ్లకు మాటిచ్చారు. 2011లో ఉత్తర ఐర్లాండ్ పోలీసుల కోసం అమెరికాలో సమన్లు జారీ అయ్యాయి, చివరికి కొన్ని టేపులు పోలీసుల చేతికి వెళ్లాయి. కాబట్టి "ఎవరికీ తెలియనివ్వం" అనే మాట ఫారంలో ఎక్కడా ఉండకూడదు. మన చేతిలో ఉన్నది ఒక్కటే: అసలు రాసుకోకుండా ఉండటం. రాసుకోని వివరాన్ని ఎవరూ తీసుకెళ్లలేరు.

ఇక సెట్టింగులు. ఫారం మొదలైన సమయం, ముగిసిన సమయం కోబో తనంతట తానే నమోదు చేస్తుంది. కావాలంటే ఫోన్ గుర్తింపు సంఖ్య, నింపినవాళ్ల యూజర్‌నేమ్, జీపీఎస్ కూడా పట్టుకుంటుంది. వేరే సర్వేల్లో దొంగ ఫారాలను పట్టుకోవడానికి ఇవే ఆధారం. ఇక్కడ అవే గుట్టు విప్పుతాయి. జైలు గేటు దగ్గర ములాఖత్ రిజిస్టర్‌లో వచ్చినవాళ్ల పేరు, సమయం ఉంటాయి. ఫారం మొదలైన సమయాన్ని దాని పక్కన పెడితే పేరు రాయకపోయినా మనిషి దొరికిపోతుంది. సమయాలు తీసేయండి, తేదీ బదులు నెల మాత్రం ఉంచండి, జీపీఎస్ ప్రశ్న పెట్టొద్దు. ఒక హెచ్చరిక: ఫారం సర్వర్‌కు చేరిన సమయాన్ని కోబో ఎటూ నమోదు చేస్తుంది. దానికి మందు, ఏ రోజు ఫారాలు ఆ రోజే పంపకుండా వారానికోసారి అన్నీ కలిపి పంపడం. యాప్‌లో ఆటో సెండ్ ఆపేస్తేనే ఇది కుదురుతుంది. పంపే వరకు ఫారాలు ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి కింద చెప్పే ఎన్‌క్రిప్షన్ (కీ లేనివాళ్లు చదవలేకుండా డేటాకు తాళం వేయడం) లేకుండా ఈ పద్ధతి పాటించొద్దు.

రెండో గండం ఖాళీ గడి. "ఇంకేమైనా చెప్పారా" అని టైపు చేసే చోటు ఇస్తే నింపేవాళ్లు ఎస్సై పేరు, స్టేషన్, క్రైం నంబర్ అన్నీ ఎక్కించేస్తారు. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో స్టేషన్, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం కొడితే కేసు ఎవరికైనా కనిపిస్తుంది. అందుకే ఖాళీ గడులు ఎత్తేసి ఎంపికలు ఇవ్వాలి: కేసు రకం (ఆస్తి, శరీరం, మత్తుపదార్థాలు, ఇతరం), జైల్లో గడిచిన కాలం (3 నెలల లోపు, 3 నుంచి 12 నెలలు, ఏడాది పైన). రిపోర్టు రాసేటప్పుడూ ఇదే జాగ్రత్త. మండలం, నేరం, లింగం మూడూ కలిపి పట్టిక వేస్తే ఒక్కరే మిగిలే గడులు వస్తాయి. 5 కంటే తక్కువ ఉన్న గడిని పక్క గడిలో కలిపేయాలి.

సమ్మతి ప్రశ్నను ఫారం మొదట్లో పెట్టి, "ఒప్పుకోను" అంటే మిగతా ప్రశ్నలు తెరుచుకోకుండా షరతు పెట్టొచ్చు. ఇది కోబోలో నాకు బాగా నచ్చే సదుపాయం. సంతకం, వేలిముద్ర, ఫొటో అడగొద్దు. పేరు లేని సర్వేలో మనిషిని పట్టించే ఏకైక కాగితం అదే అవుతుంది, పైగా స్టేషన్‌లో తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టి వచ్చినవాళ్లకు ఇంకో సంతకం అంటేనే భయం. నోటిమాట సమ్మతికి ఎథిక్స్ కమిటీ అనుమతిని ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. చదివి వినిపించే మాటలు ఇలా ఉండొచ్చు: "మీ పేరు, కేసు నంబరు రాసుకోం. ఎప్పుడైనా ఆపేయొచ్చు. మేం లాయర్లం కాదు, మాతో మాట్లాడినంత మాత్రాన బెయిల్ త్వరగా రాదు. చిన్నపిల్లల మీద లైంగిక నేరం గురించి చెబితే మాత్రం చట్టప్రకారం మేం తెలియజేయాల్సి వస్తుంది. కోర్టు అడిగితే ఈ జవాబులు ఇవ్వాల్సి రావచ్చు." బెయిల్ వాక్యాన్ని చాలా ఫారాల్లో వదిలేస్తారు. మాట్లాడితే తమవాళ్లకు మేలు జరుగుతుందేమోనన్న ఆశతోనే చాలామంది ఒప్పుకుంటారు, ఆ ఆశను వాడుకోవడం తప్పు. పిల్లల మాట పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 నుంచి వచ్చింది. తెలియజేయకపోతే సెక్షన్ 21 కింద 6 నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ.

ఎన్‌క్రిప్షన్ ఉంది, కానీ ఓపిక కావాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాంతో 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళంచెవుల జత (తాళం వేసే పబ్లిక్ కీ, తెరిచే ప్రైవేట్ కీ) తయారు చేయాలి. ఫారాన్ని ఎక్సెల్‌గా దించుకుని, సెట్టింగ్స్ షీట్‌లో పబ్లిక్ కీ, సబ్మిషన్ యూఆర్‌ఎల్ (ఫారాలు చేరాల్సిన సర్వర్ చిరునామా) కాలమ్‌లు చేర్చి మళ్లీ ఎక్కించాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే: కీ ఫైలులోని మొదటి, చివరి గీతల వరుసలను తీసేసి, మిగతాదంతా ఒకే వరుసగా అతికించాలి. ఫైనలైజ్ చేశాకే తాళం పడుతుంది, డ్రాఫ్ట్‌గా ఉంచిన ఫారం ఫోన్‌లో తెరిచే ఉంటుంది. కాబట్టి ఇంటర్వ్యూ అయిన చోటే ఫైనలైజ్ చేయాలి, ఆ తర్వాత దిద్దడం కుదరదు. ప్రైవేట్ కీ పోతే కోబోవాళ్లు కూడా డేటా తెరవలేరు. రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టి ఒకటి గైడ్ దగ్గర, ఒకటి విభాగం బీరువాలో ఉంచండి, సర్వే ఫోన్లలో వద్దే వద్దు. వెబ్‌సైట్‌లో పట్టికలు, చార్టులు ఇక కనిపించవు. ఓడీకే బ్రీఫ్‌కేస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంతో దించుకుని తెరవాలి, దానికి జావా కావాలి. ఫీల్డుకు వెళ్లే ముందు నాలుగైదు ఉత్తుత్తి ఫారాలు నింపి, దించి, తెలుగు అక్షరాలతో సహా తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి.

షేరింగ్‌లో లాగిన్ లేకుండా ఫారాలు పంపడానికీ, జవాబులు చూడటానికీ ఉన్న అనుమతులు రెండూ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. సర్వర్లు అమెరికాలో, ఐరోపాలో ఉన్నాయి, భారత్‌లో లేవు. ఎథిక్స్ కమిటీ దరఖాస్తులో ఆ సంగతి దాచకుండా రాయాలి.

జైలు లోపలికి ఈ యాప్ పనికిరాదు. ఫోన్‌ను రానివ్వరు. 2015లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు పంపిన సూచనల ప్రకారం లోపల రికార్డు చేసిన పరికరాలను బయటికి తెచ్చే ముందు సూపరింటెండెంట్‌కు అప్పగించాలి. ఆయన వినగలిగే రికార్డింగులో ఖైదీ తనను కొట్టిన సంగతి చెబితే, రాత్రికి అదే బ్యారక్‌లో పడుకోవాల్సింది అతనే. అక్కడ మనిషిని గుర్తుపట్టే వివరాలేవీ లేని కాగితం మీద టిక్కులే మేలు.

పని ముగిశాక ప్రాజెక్టును ఆర్కైవ్ చేసి ఊరుకుంటారు చాలామంది. ఆర్కైవ్ చేస్తే డేటా సర్వర్ మీదే ఉంటుంది. ప్రాజెక్టునే డిలీట్ చేయాలి. తర్వాత ప్రతి ఫోన్‌లో పంపేసిన ఫారాలను చెరిపేసి, ల్యాప్‌టాప్ డౌన్‌లోడ్స్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో మిగిలిన ఎక్సెల్ కాపీలను వెతికి తీసేయాలి.