బరంపురం కెర్నెల్ ప్రోగ్రామింగ్ తరగతులు: బిట్‌మ్యాప్ పాఠంపై సమీక్ష

బరంపురంలో ఒక చిన్న శిక్షణ కేంద్రం వారాంతాల్లో నడుపుతున్న కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) ప్రోగ్రామింగ్ తరగతుల్లో బిట్‌మ్యాప్ (ఒక్కో బిట్‌తో ఏది ఖాళీ, ఏది వాడుకలో ఉందో గుర్తుపెట్టే పట్టిక; ఇక్కడ 0 అంటే ఖాళీ) రూపకల్పనకు కేటాయించిన భాగం గురించే ఈ సమీక్ష. మిగతా పాఠాలు ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనైనా దొరికేవే కనుక వాటి జోలికి పోవడం లేదు. గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి రైలులో వచ్చే తెలుగు విద్యార్థులు నౌపడ మీదుగా రావాలి. ఆ శ్రమకు తగిన చదువు ఇక్కడ దొరుకుతుందని ఈ పాఠం మేరకు చెప్పగలను, కాని అందులో ఒక పెద్ద లోటు ఉంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2004లో విద్యార్థుల కోసం రూపొందిన పింటోస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసుకుని, అందులో ఉన్న బిట్‌మ్యాప్ కోడ్‌ను మొదట చూపించకుండా విద్యార్థుల చేతనే కొత్తగా రాయిస్తారు. తన బిట్లు దేనికి గుర్తులో బిట్‌మ్యాప్‌కు తెలియనక్కర్లేదన్న సూత్రం దగ్గర అధ్యాపకులు చాలాసేపు ఆగుతారు. అలా రాసినప్పుడే అదే కోడ్ మెమరీని సమానంగా విడగొట్టిన పేజీలకూ, డిస్కు సెక్టార్లకూ, మెమరీ చాలనప్పుడు డిస్కుపై వాడే స్వాప్ స్థలాలకూ పనికొస్తుంది. ఆ తరువాత వేసే ప్రశ్న నాకు మరీ నచ్చింది: మెమరీ ఇచ్చే మాలోక్ ఫంక్షన్ పేజీలు పంచే పేజీ అలొకేటర్ మీద, పేజీ అలొకేటర్ బిట్‌మ్యాప్ మీద ఆధారపడి ఉండగా, ఆ బిట్‌మ్యాప్ తన నిల్వ కోసం మాలోక్‌ను ఎలా పిలవగలదు? అందుకే ఎన్ని బైట్లు కావాలో చెప్పే ఫంక్షన్‌ను ఒకటిగా, పిలిచినవారు ఇచ్చిన చోట బిట్‌మ్యాప్‌ను అమర్చే ఫంక్షన్‌ను మరొకటిగా విడదీయాల్సి వస్తుందని విద్యార్థి తానే కనుక్కుంటాడు.

చివరి వర్డ్ (ప్రాసెసర్ ఒకేసారి చూసే బిట్ల గుంపు) సంగతి కూడా ఓపికగా చెబుతారు. 100 పేజీలకు 32 బిట్ల వర్డులు నాలుగు కావాలి, అంటే 28 బిట్లు మిగులుతాయి. వర్డు వర్డుగా సున్నా కోసం వెతికే కోడ్ ఆ మిగులును మాస్కు చేయకపోతే, అంటే లెక్కలోకి రాకుండా కప్పకపోతే, లేని పేజీని ఖాళీ పేజీగా అప్పగిస్తుంది. బోర్డు మీద రాత ఇంగ్లీషులో, వివరణ గంజాం తెలుగులో, మధ్యమధ్య ఒడియా పిల్లల కోసం ఒడియాలో సాగడం వల్ల పాఠం కొంత నెమ్మదిస్తుంది గాని, నాకది ఇబ్బందిగా అనిపించలేదు.

లోటు ఏకకాలిక వాడకం దగ్గర ఉంది. పింటోస్ ఒకే ప్రాసెసర్ మీద నడిచే కెర్నెల్. అక్కడ బిట్‌ను ఒక్క ఆర్ (OR) ఇన్‌స్ట్రక్షన్‌తో పెడితే చాలు, ఇంటరప్ట్ (జరుగుతున్న పనిని ఆపించే సంకేతం) దాన్ని మధ్యలో విడగొట్టలేదు. బహుళ కోర్ల యంత్రంలో అదే ఇన్‌స్ట్రక్షన్‌కు మిగతా కోర్లను అంతసేపు ఆ వర్డుకు దూరంగా ఉంచే లాక్ ప్రిఫిక్స్ లేకపోతే, ఒకే వర్డును మార్చబోయిన రెండు కోర్లలో ఒకదాని మార్పు చెరిగిపోవచ్చు. లినక్స్‌లో బిట్‌ను 1 చేసే సెట్ బిట్ ఫంక్షన్ అటామిక్‌గా (మధ్యలో ఎవరూ చొరబడలేనట్టు) పనిచేస్తే, ముందు రెండు అండర్‌స్కోర్లున్న అదే పేరు ఫంక్షన్ అలా పనిచేయదన్న తేడా ఇందుకోసమే ఉంది. పైగా, ఖాళీ బిట్‌ను వెతకడానికీ దాన్ని పట్టుకోవడానికీ మధ్య ఇంకొకరు చొరబడగలరు కనుక, ఆ రెండింటినీ ఒకసారికి ఒకరినే రానిచ్చే లాక్ కింద జరపాలి, లేదా బిట్‌ను పెడుతూనే దాని పాత విలువ తెలిపే టెస్ట్ అండ్ సెట్ బిట్ ఆ పాత విలువ సున్నా అని చెప్పేదాకా మళ్లీ వెతకాలి. ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా అదే బిట్‌మ్యాప్‌ను తాకితే దొరికేదాకా నిద్రపోయే లాక్ పనికిరాదు. ఇంత విషయాన్ని "లాక్ పెట్టుకోండి" అన్న ఒక్క మాటతో దాటవేయడం ఆ అధ్యాపకుల స్థాయికి తగినది కాదు.

ల్యాబ్‌లో కంప్యూటర్లు తక్కువ కనుక సొంత ల్యాప్‌టాప్‌లో క్యూఈఎంయూ (కంప్యూటర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని వెళ్లడం మేలు. సీ భాషలో పాయింటర్లు, షిఫ్టులు చేతికి అలవాటైన వారు నిస్సంకోచంగా చేరవచ్చు. లినక్స్ డ్రైవర్లు రాసే ఉద్యోగం కోసమే వచ్చేవారు మాత్రం, బహుళ కోర్ల భాగం విడిగా చెబుతారో లేదో ఫీజు కట్టకముందే అడిగి తేల్చుకోవాలి.