రెండు ఆసుపత్రులు, రెండు బసలు, లెక్కలేనన్ని వెయిటింగ్ హాళ్ళు

క్యాన్సర్ వైద్యానికి ఊరు దాటి వెళ్తున్నామంటే డాక్టర్ల గురించి చెప్పేవాళ్ళు చాలామందే దొరుకుతారు. ఫలానా సర్జన్ హస్తవాసి మంచిదనీ, ఫలానా చోట మెషిన్ కొత్తదనీ చెప్తారు. బయాప్సీ రిపోర్టు ఏ కౌంటర్లో ఇస్తారు, రాత్రిపూట జ్వరం వస్తే ఎవరు ఫోనెత్తుతారు, తేదీ మారితే బస చేసిన గది ఇంకో నాలుగు రోజులు మనకే ఉంచుతారా లాంటివి మాత్రం వెళ్ళాకే తెలుస్తాయి. నాకు రొమ్ము క్యాన్సర్. రెండు ఆసుపత్రుల్లో వైద్యం చేయించుకున్నాను. వైద్యంలో మంచిచెడ్డలు తేల్చేంత చదువు నాకు లేదు, ఆ జోలికి పోను. ఎక్కడ ఎంతసేపు కూర్చోబెట్టారు, ఎందుకు కూర్చోబెట్టారో చెప్పారా లేదా అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది అన్ని విభాగాలూ ఉన్న పెద్ద ఆసుపత్రి. క్యాన్సర్‌కి విడిగా ఒక బ్లాక్ ఉంది. లోపల అంతా తళతళలాడుతూ ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కి ఒక టోకెన్, డాక్టర్‌ని చూడ్డానికి ఒకటి, రక్తం ఇవ్వడానికి ఒకటి, బిల్లు కట్టడానికి మళ్ళీ ఇంకొకటి. వీటిలో ఏ టోకెన్‌కీ ఇంకోదానితో సంబంధం లేదు. స్కానింగ్ దగ్గర మన నంబరు వచ్చేసరికి డాక్టర్ గది దగ్గర మన నంబరు దాటిపోయి ఉంటుంది. తమ్ముడు ఒక క్యూలో, నేను ఒక క్యూలో నిలబడి ఫోన్లో మాట్లాడుకుంటూ నెట్టుకొచ్చాం. తోడు లేకుండా వచ్చినవాళ్ళు ఈ పద్ధతిలో ఎలా బతుకుతారో నాకిప్పటికీ అర్థం కాదు. పక్కన కూర్చున్న ఒకావిడ "బాత్రూమ్‌కి వెళ్ళొస్తాను, నా నంబరు పిలిస్తే కాస్త చెప్పమ్మా" అని నన్ను అడిగింది. అక్కడ అందరం ఒకరికొకరం ఇలాగే కాపలా.

అసలు ఇబ్బంది బయాప్సీ దగ్గర మొదలైంది. సూదితో తీసిన ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేస్తారు. రొమ్ము నుంచి తీసినదైతే అందులో కనీసం 6 గంటలు ఉండాలి, 72 గంటలు దాటకూడదు. తర్వాత దాన్ని మైనంలో పొదిగి (ఆ మైనం దిమ్మెనే బ్లాక్ అంటారు), పల్చటి పొరలుగా కోసి, రంగులేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. క్యాన్సరే అని తేలితే ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాలకీ, హెర్2 అనే ప్రోటీన్‌కీ పరీక్షలు చేస్తారు. మందులు ఏవి వాడాలో వీటిని బట్టే తేలుతుంది. హెర్2 సున్నా గానీ 1+ గానీ వస్తే నెగెటివ్. 3+ వస్తే పాజిటివ్. 2+ వచ్చిందంటే అటో ఇటో చెప్పలేం అని, అప్పుడు ఫిష్ అనే జన్యు పరీక్ష చెయ్యాలి. నాది 2+. ఇదంతా తొందరపెడితే అయ్యే పని కాదు. ఇన్ని మెట్లున్నాయని ముందే తెలిసుంటే నేనూ నిమ్మళంగా ఉండేదాన్ని. ఇక్కడ రాసిందంతా తర్వాత నా అంతట నేను తెలుసుకున్నదే.

కౌంటర్లో రోజూ ఒకటే మాట. "ఇంకా రాలేదు మేడమ్." ఎప్పుడొస్తుందంటే "వస్తే మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది." ఆ మెసేజ్ రాలేదు. చివరికి తమ్ముడు కోపంగా బేస్‌మెంట్‌లో ఉన్న ల్యాబ్‌కే వెళ్ళి అడిగాడు. ఫిష్ పరీక్షకు పేషెంట్ సంతకం, విడిగా బిల్లు కావాలట. అవి రాలేదని నా బ్లాక్‌ను పక్కన పెట్టేశారు. "మీరు వద్దన్నారేమో అనుకున్నాం" అన్నారట. కావాలా వద్దా అని మమ్మల్ని అడిగిన మనిషే లేడు! ల్యాబ్‌లో చేస్తున్నారని డాక్టర్ అనుకున్నారు, డాక్టర్ చెప్పి ఉంటారని ల్యాబ్ వాళ్ళు అనుకున్నారు, కౌంటర్ అమ్మాయికి స్క్రీన్ మీద 'పెండింగ్' అన్న మాట తప్ప ఏమీ కనపడదు. అందరూ ఎవరి పని వాళ్ళు చేశారు. నా బ్లాక్ మాత్రం త్రిశంకు స్వర్గంలో ఉంది.

ఆ రోజుల్లో రాత్రిళ్ళు ఫోన్ పట్టుకుని చదవకూడనివన్నీ చదివేదాన్ని. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణ కనపడింది. క్యాన్సర్ సర్జరీ నాలుగు వారాలు ఆలస్యమైన ప్రతిసారీ మరణించే ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని అందులో ఉంది. అది చదివాక కౌంటర్లో "ఇంకా రాలేదు మేడమ్" అన్న మాట ఎలా వినిపిస్తుందో ఊహించుకోండి. అయితే ఒక మాట కూడా చెప్పాలి. ఏ మందు పనిచేస్తుందో తేల్చుకోవడానికి పట్టే రోజులు వృథా కావని తర్వాత రెండో ఆసుపత్రి డాక్టర్ వివరంగా చెప్పారు. నేను ఒప్పుకున్నాను. ఫిష్ చెయ్యడానికి పట్టిన రోజుల మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిష్ అసలు మొదలే కాకుండా పోయిన రోజుల మీదే నా కోపమంతా.

ఇదే ఆసుపత్రిలో, క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూసే పెట్ స్కాన్ విభాగం మాత్రం వేరే లోకం. అక్కడా చాలాసేపు కూర్చోబెట్టారు. కానీ టెక్నీషియన్ కుర్రాడు వచ్చి అందరికీ వినపడేలా చెప్పాడు. ఇంజెక్షన్‌లో ఇచ్చే ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక మందు బయట తయారై వస్తుంది, అందులో రేడియోధార్మికత 110 నిమిషాలకోసారి సగానికి తగ్గిపోతుంది, కాబట్టి ముందే తెచ్చి దాచుకోవడం కుదరదు, ఈ రోజు బండి లేటు. ఇంజెక్షన్ ఇచ్చాక కూడా మందు ఒళ్ళంతా పాకడానికి దాదాపు గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలన్నాడు. ఉదయం నుంచి ఏమీ తినకుండా ఉన్నవాళ్ళం, అయినా ఒక్కరూ గొడవపడలేదు. షుగర్ ఉన్న పెద్దాయన్ని ముందు పంపమని మేమే అన్నాం.

బస గురించి. మొదట ఆసుపత్రి ఎదురుగా ఉన్న లాడ్జిలో దిగాం. రోడ్డు దాటితే చాలు, అదొక్కటే దాని సుగుణం. గది రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు, బాత్రూమ్ నాలుగు గదులకు కలిపి ఒకటి. కీమో తర్వాత దాదాపు 48 గంటల వరకు మందు అవశేషాలు మూత్రంలో, వాంతుల్లో బయటికి పోతుంటాయి. టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చెయ్యమంటారు, వీలైతే వేరే బాత్రూమ్ వాడమంటారు. ఈ సంగతి మొదటి ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. తెలిసుంటే ఆ గది తీసుకునేవాళ్ళమే కాదు. అన్నిటికంటే ఇబ్బంది ఏంటంటే, అక్కడ గది ఎన్ని రోజులు కావాలో ముందే చెప్పి తీరాలి. ఆసుపత్రి మనకు తేదీ చెప్పదు, లాడ్జి తేదీ చెప్పకపోతే ఊరుకోదు. గది ఖాళీ చేసి, సామాను వెయిటింగ్ హాల్లో పక్కన పెట్టుకుని డాక్టర్ కోసం కూర్చున్న రోజు కూడా ఉంది.

కీమో డే కేర్‌లో నర్సులు బంగారం. సూది గుచ్చడంలో గానీ, మందు ఎక్కుతున్నంతసేపూ కనిపెట్టుకుని ఉండటంలో గానీ వంక పెట్టడానికి లేదు. ఆలస్యం అక్కడా తప్పదు. రక్తంలో కణాల సంఖ్య చూసి డాక్టర్ సరే అన్నాకే ఫార్మసీలో మందు కలపడం మొదలుపెడతారు. ముందే కలిపి ఉంచితే, కౌంట్ తక్కువున్నప్పుడు అంత ఖరీదైన మందూ పారబోయాల్సిందే. సరే, అది న్యాయమే.

అన్యాయం జరిగింది జ్వరం వచ్చిన రాత్రి. కీమో ఎక్కించాక వారం, రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో ఒళ్ళు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే అది మామూలు జ్వరం కింద లెక్క కాదు. ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే కల్చర్ పరీక్షకి రక్తం తీసి, ఆసుపత్రికి చేరిన గంటలోపు మొదటి యాంటీబయోటిక్ పడాలి. వాళ్ళు ఇచ్చిన కార్డు మీదే 'జ్వరం వస్తే వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి' అని ఎర్ర అక్షరాల్లో ఉంది. చేశాం. ఓపీ వేళల్లో చెయ్యమని రికార్డు మోగింది. మెయిన్ నంబరుకి చేస్తే ఎవరికో కలిపారు, కట్ అయింది. ఎమర్జెన్సీకే వెళ్ళాం. తమ్ముడు కార్డు చూపించి "అక్కకి కీమో అవుతోంది సార్" అని చెప్పాడు. అందరితో పాటే వరుసలో కూర్చోమన్నారు. జ్వరం బిళ్ళ వేసుకున్నారా అని అడిగారు. మొదటి యాంటీబయోటిక్ పడేసరికి కిటికీలో వెలుగొచ్చింది. తెల్లారాక వార్డుకి వచ్చిన మా క్యాన్సర్ డాక్టర్, "ఎమర్జెన్సీ వాళ్ళకి చెప్పాల్సింది కదమ్మా" అన్నారు. తమ్ముడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఉంటే ఏమైనా అనేసేవాడు.

మీరెవరైనా కీమో మొదలుపెట్టబోతుంటే, అంతకుముందే ఒక రాత్రి ఆ కార్డు మీది నంబరుకి ఫోన్ చేసి చూడండి. ఎవరూ ఎత్తకపోతే మర్నాడే డాక్టర్‌ని అడగండి. పల్స్, బీపీ బానే ఉన్నాయని ఎమర్జెన్సీలో తేలిగ్గా తీసుకుంటే 'జ్వరం' అనకండి, 'ఫెబ్రైల్ న్యూట్రోపీనియా కావచ్చు' అనండి, అంటే తెల్లకణాలు పడిపోయినప్పుడు వచ్చే జ్వరం. వాళ్ళకు ఆ భాషలో చెబితే కదలిక వస్తుంది. ఇలా ఉండకూడదు గానీ, ఉంది.

ఆసుపత్రి మారడం అనుకున్నంత కష్టం కాలేదు, అయితే ఏం అడగాలో తెలియాలి. రిపోర్టుల జిరాక్సులు చాలవు. పెట్ స్కాన్ సీడీ, బయాప్సీ స్లైడ్లు, మైనం బ్లాక్, ఇచ్చిన కీమో మందుల పేర్లూ డోసులూ ఉన్న సమ్మరీ కావాలి. కొత్తచోట పాథాలజిస్టు స్లైడ్లు మళ్ళీ చూస్తారు. బ్లాక్ ఇవ్వడానికి మొదట తటపటాయించారు, రాతపూర్వకంగా అడిగితే ఇచ్చారు.

రెండో ఆసుపత్రి క్యాన్సర్‌కి మాత్రమే. బిల్డింగ్ పాతది, కుర్చీలు గట్టివి, ఏసీ ఉన్నా లేనట్టే. మొదటి రోజే ఒకామె వచ్చి, తన పేరు, నంబరు రాసిన కాగితం చేతికిచ్చి, "ఏ విభాగంలో ఆగిపోయినా నాకే చెప్పండి" అంది. ఆమె పేషెంట్ నావిగేటర్. ఇదేం కొత్త ఆలోచన కాదు. 1990లోనే న్యూయార్క్‌లోని హార్లెమ్ ఆసుపత్రిలో డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ మొదలుపెట్టారు. అనుమానం వచ్చిన రోజుకీ వైద్యం మొదలయ్యే రోజుకీ మధ్య పేదవాళ్ళు ఎక్కడెక్కడ ఆగిపోతున్నారో చూసి, అక్కడ చెయ్యి పట్టుకుని నడిపించే మనుషుల్ని పెట్టారాయన. ఆమె డాక్టరూ కాదు, నర్సూ కాదు. నా ఫైలు ఇప్పుడెక్కడుందో ఆమెకు తెలుసు, అంతే. కౌంట్ తక్కువై కీమో వారం వాయిదా పడినప్పుడు ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి చెప్పింది. వాయిదాకి టెన్షన్ పడ్డాను గానీ, సామాను సర్దుకుని వెళ్ళి వెనక్కి రాలేదు.

ఇక్కడి బస ఆసుపత్రికి కొంచెం దూరంలో, పేషెంట్ల కోసమే నడిపే వసతి గృహం. గదికి విడిగా బాత్రూమ్, కింది అంతస్తు, గోడకి పట్టుకునే కమ్మీలు. తేదీ మారితే ఆసుపత్రి స్లిప్ చూపిస్తే చాలు, గది పొడిగిస్తారు. పక్క గదుల వాళ్ళ దగ్గుకీ ఏడుపుకీ నిద్ర పట్టని రాత్రులున్నాయి, ఆ సంగతి దాచను. ఒంటరిగా ఉండటం ఇష్టపడేవాళ్ళకి అది సరిపడదు.

సర్జరీ గురించి పెద్దగా రాయడానికి లేదు. చెప్పిన రోజుకి చేశారు. డిశ్చార్జ్‌కి మాత్రం పొద్దున డాక్టర్ సరేనంటే సాయంత్రం దాకా బిల్లింగ్ తేలలేదు. అందులో రెండు ఆసుపత్రులూ ఒకటే.

రేడియేషన్ దగ్గర నాకు బాగా నచ్చింది గోడ మీద ఉన్న ఒక తెల్ల బోర్డు. 'మెషిన్ 2 – 40 నిమిషాలు ఆలస్యం – కారణం: ఉదయం చెకింగ్ ఇంకా పూర్తి కాలేదు' అని మార్కర్‌తో రాసేవాళ్ళు. రోజూ మొదటి పేషెంట్‌ని పడుకోబెట్టే ముందు కిరణాల మోతాదు సరిగ్గా ఉందా లేదా ఫిజిక్స్ వాళ్ళు చూస్తారట. కిరణాలు ఎక్కడ పడాలో గుర్తించే సిమ్యులేషన్ స్కాన్ చేసి, ఒంటి మీద చుక్కలు పొడిచాక, ప్లాన్ తయారుకావడానికి ఎందుకన్ని రోజులు పడుతుందో కూడా అడగకుండానే చెప్పారు. నాది ఎడమవైపు కాబట్టి గుండెకి కిరణాలు వీలైనంత తక్కువ తగిలేలా ఊపిరి బిగబట్టి ఉంచడం నేర్పించారు. బల్ల మీద ఉండేది కాసేపే. మెషిన్ పూర్తిగా ఆగిపోయిన రోజు మాత్రం బోర్డు మీద ఏమీ రాయలేదు, హాల్లో గుసగుసలే. నావిగేటర్‌కి ఫోన్ చేస్తే మర్నాటి టైమ్ ఇచ్చి, తప్పిపోయిన విడత చివర్లో కలుపుతారని చెప్పింది.

ఇక్కడ లోపాలు లేకపోలేదు. పెద్ద డాక్టర్ మనిషి మొహం చూడకుండా స్క్రీన్ చూస్తూ మాట్లాడతారు, రెండో ప్రశ్న అడిగేలోపు తర్వాతి పేషెంట్ లోపలికి వచ్చేస్తారు. ప్రశ్నలు కాగితం మీద రాసి ముందే ఆయన చేతికివ్వడం మొదలుపెట్టాక కాస్త నయం. ఫార్మసీ కిటికీ ఒక్కటే, ఎండలో నిలబడాలి. స్కాన్ మెషిన్లు మొదటి ఆసుపత్రిలోనే మెరుగు. ఎవరైనా అడిగితే స్కాన్‌కి అక్కడికి, మిగతా అన్నిటికీ ఇక్కడికి వెళ్ళమంటాను. ఆ పెట్ స్కాన్ కుర్రాడు ఇంకా అక్కడే ఉంటే మరీ మంచిది.

మొదటి ఆసుపత్రికి జ్వరం రాత్రి సంగతీ, బ్లాక్ సంగతీ తేదీలతో సహా రాసి పంపాను. చాన్నాళ్ళకి నాణ్యత విభాగం నుంచి ఒకాయన ఫోన్ చేసి ఓపిగ్గా విన్నారు. కార్డు మీద నంబరు మార్చామన్నారు. ఫిష్ సంతకం బయాప్సీ రోజే తీసుకునేలా ఫారం మార్చవచ్చు కదా అని అడిగితే, అది వేరే విభాగం చూసుకుంటుంది, వాళ్ళకి చెప్తానన్నారు.