పార్క్ టౌన్ మందుల కొట్టులో బీడీఈ: 2008 నుంచి వాడిన అనుభవం

చెన్నై పార్క్ టౌన్‌లో, నైనియప్ప నాయకన్ వీధిలోని ఒక టోకు మందుల కొట్టుకు 2008 నుంచి కంప్యూటర్ల పని చూస్తున్నాను. అక్కడి బిల్లుల ప్రోగ్రాం డెల్ఫీ అనే ప్రోగ్రాములు రాసే సాధనంలో రాసినది, లెక్కలన్నీ పారడాక్స్ అనే పాత డేటాబేస్ టేబుళ్లలో (వరుసలుగా సమాచారం దాచే ఫైళ్లలో) ఉంటాయి. రెండింటినీ కలిపి నడిపేది బోర్లాండ్ డేటాబేస్ ఇంజిన్, అంటే బీడీఈ. 1995లో డెల్ఫీ మొదటి వెర్షన్‌తో పాటు జనంలోకి వచ్చిన సరుకు. "దాంతో టేబుళ్లు ఊరికే పాడవుతాయి" అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కరెంటు పోయిన సందర్భాలు పక్కన పెడితే, మా కొట్టులో ఇబ్బంది వచ్చిన దాదాపు ప్రతిసారీ మూలం వెతికితే ఏదో ఒక కంప్యూటర్ అమరికలోనే దొరికింది.

దీనికి వేరే సర్వర్ ప్రోగ్రాం ఉండదు. టేబుళ్లు ఒక మెషీన్ (దాన్నే మేము సర్వర్ అంటాం) ఫోల్డరులో ఉంటాయి, ఆరు కౌంటర్లూ నేరుగా వాటిని తెరిచి రాస్తాయి. ఆరుగురు ఒకే చిట్టాలో రాసేటప్పుడు ఎవరు ఏ వరుస పట్టుకున్నారో మిగతావారికి తెలియాలి. అందుకు ఆధారం పీడాక్స్‌యూజర్స్ డాట్ నెట్ అనే చిన్న ఫైలు. అది ఎక్కడుందో ప్రతి కంప్యూటరుకూ చెప్పే చోటే నెట్ డిర్. కంట్రోల్ ప్యానెల్‌లో బీడీఈ అడ్మినిస్ట్రేటర్ తెరిచి కాన్ఫిగరేషన్, డ్రైవర్స్, నేటివ్, పారడాక్స్ వరకు వెళితే కనిపిస్తుంది. బీడీఈ గురించి ఒక్క మాటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే: అన్ని కంప్యూటర్లలోనూ నెట్ డిర్ ఒకే ఫోల్డరును చూపాలి.

ఇది నాకు తెలిసి వచ్చిన వారం ఇప్పటికీ గుర్తుంది. రిచీ స్ట్రీట్ నుంచి తెచ్చిన కొత్త కంప్యూటరును మధ్య కౌంటరులో పెట్టాం. మర్నాడు కొట్టు నుంచి శెట్టిగారు ఫోను చేశారు: "బాబూ, కొత్త దాంట్లో బిల్లు పడటం లేదు, జనం నిలబడి ఉన్నారు." వెళ్లి చూస్తే మిగతా అయిదూ చక్కగా పనిచేస్తున్నాయి. ఆ తర్వాతి రోజు కథ తిరగబడింది. కొత్తది నడుస్తోంది, అయిదూ ఆగిపోయాయి! డైరెక్టరీ వేరే నెట్ ఫైలు అధీనంలో ఉందని తెరమీద సందేశం. నాలుగు రోజులు కేబుళ్లు మార్చాను, స్విచ్ మార్చాను. చివరికి కొట్టు తెరిచే కుర్రవాడిని అడిగాను, పొద్దున ముందుగా ఏ కంప్యూటర్ వేస్తావని. గుట్టు అక్కడే ఉంది. కొత్తదాంట్లో నెట్ డిర్ సి డ్రైవ్ మొదటి ఫోల్డరుకే వదిలేసి ఉంది. అంటే దాని నెట్ ఫైలు దానిది, మిగతావాటిది వేరు. ముందు తెరిచినవాళ్లు ఫోల్డరును తమదిగా పట్టుకుంటే అవతలివాళ్లు బయటే నిలబడాలి. అంటే బీడీఈ తన పని తాను సరిగ్గానే చేసింది. రెండు తాళాలతో ఒకే టేబుల్‌లో రాయనిచ్చి ఉంటే లెక్కలు ఏమయ్యేవో! ఆ రోజు నుంచి సర్వర్ ఫోల్డరుకు అన్ని మెషీన్లలో ఒకే డ్రైవ్ అక్షరం, ఒకే దారి.

తర్వాత విండోస్ 7 వచ్చాక ఈ అమరిక ఇంకా ముఖ్యమైంది. సి డ్రైవ్ మొదటి ఫోల్డరులో మామూలు యూజర్ రాయలేడు కాబట్టి, అక్కడే వదిలేస్తే నెట్‌వర్క్ మొదలు కాలేదని బీడీఈ ఆగిపోతుంది. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరిచి మార్చాలి. అదే అడ్మినిస్ట్రేటర్‌లో సిస్టమ్, ఇనిట్‌లో లోకల్ షేర్‌ను (టేబుళ్లను పంచుకుని వాడే అమరికను) ట్రూ చేయడం మరవకండి. తేదీల దగ్గర మోడ్ 1 (రోజు, నెల, సంవత్సరం వరుస) పెట్టి, సంవత్సరం నాలుగంకెలుగా ఉంచండి. మందుల కొట్టులో గడువు తేదీ రోజు, నెల తారుమారైతే అది చిన్న పొరపాటు కాదు. డిస్కులో ఖాళీ 4 జీబీ గుణిజాలకు బాగా దగ్గరగా ఉన్నప్పుడు చోటు చాలదని పొరపాటున చెప్పడం దీనికి ఉన్న పాత జబ్బు. ఒక పెద్ద ఫైలు కాపీ చేసిపెడితే సర్దుకుంటుంది.

ఇంకొకటి వివరంగా చెప్పాలి. బిల్లు వరుసల టేబుల్ ఒక మధ్యాహ్నం నిండిపోయిందని ఆగింది. డిస్కు సగం ఖాళీగానే ఉంది. పారడాక్స్ టేబుల్‌లో 65,536 బ్లాకులకు (సమాచారం నింపే సమాన ముక్కలకు) మించి పట్టవు. మాది 2,048 బైట్ల బ్లాకు, కాబట్టి 128 ఎంబీ దగ్గర గోడ తగిలింది. అదే పారడాక్స్ పేజీలో బ్లాక్ సైజు 4,096 చేశాను. అది కొత్తగా పుట్టే టేబుళ్లకే వర్తిస్తుంది గనుక, రాత్రి కొట్టు మూశాక కొత్త టేబుల్ కట్టి పాత వరుసలన్నీ అందులోకి ఎక్కించాను. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే మొదటి రోజే పెద్ద బ్లాకు పెట్టేవాణ్ని.

2016 డిసెంబరు 12న వార్ధా తుపాను తాకినప్పుడు బిల్లు రాస్తుండగా కరెంటు పోయింది, యూపీఎస్ నిలవలేదు. సరుకు టేబుల్ సూచిక (వరుసలు త్వరగా వెతకడానికి వాడే ఇండెక్స్) చెడింది. అసలు వరుసలు డీబీ ఫైలులో, సూచిక పీఎక్స్ ఫైలులో విడిగా ఉండటం మాకు కలిసి వచ్చింది. సూచిక తిరిగి కట్టుకుంటే సరిపోయింది. ఫోల్డరు మొత్తం కాపీ చేస్తే అదే బ్యాకప్ కావడం కూడా దీని గొప్ప సుగుణం.

కొత్తగా మొదలుపెట్టేవారు దీని జోలికి వెళ్లవద్దు. ఇది 32 బిట్‌లోనే ఆగిపోయింది, 2014 నాటి ఎక్స్‌ఈ7 వెర్షన్ నుంచి డెల్ఫీతో పాటు రావడమూ మానేసింది. నేను కూడా రాత్రిపూట టేబుళ్లను ఒక్కొక్కటిగా ఫైర్‌బర్డ్ అనే మరో డేటాబేస్‌లోకి మారుస్తున్నాను. కొనుగోళ్లు, ఖాతాదారులు అయిపోయాయి, సరుకు టేబుల్ మిగిలింది. అది పూర్తయ్యేదాకా పొద్దున కొట్టు తెరవగానే ముందు సర్వర్ ఫోల్డరు చూస్తాను. నిన్నటి ఎల్‌సీకే ఫైలు (టేబుళ్లకు వేసిన తాళాల గుర్తు) మిగిలి ఉంటే, ఎవరూ లోపల లేరని ఆరు కౌంటర్లూ తిరిగి చూసుకున్నాకే దాన్ని తీసేస్తాను.