బాలానగర్ లేత్ షాపులో నాలుగేళ్ల బెల్ కర్వ్

బెల్ కర్వ్ (సగటు దగ్గర ఎత్తుగా, అటూ ఇటూ దిగిపోయే గంట ఆకారపు గీత) అనగానే హైటెక్ సిటీ వాళ్లకు అప్రైజల్ టెన్షన్ గుర్తొస్తుంది. నాకు షాఫ్టులు గుర్తొస్తాయి. నేను పనిచేసేది బాలానగర్‌లో ఒక చిన్న లేత్ షాపులో. బ్యాచ్‌కు 20 పీసులు తీసి, మైక్రోమీటర్‌తో కొలిచి, ఎక్సెల్‌లో గంట బొమ్మ గీసి పార్టీకి పంపడం నాలుగేళ్లుగా నా పని.

దీనికి ఎక్సెల్‌లో రెడీమేడ్ చార్ట్ లేదు. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (కొలతలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) తీసి, నార్మ్.డిస్ట్ ఫార్ములాలో పెట్టి, స్కాటర్ చార్ట్ వేసుకోవాలి. ఫార్ములా చివర ఫాల్స్ అనాలి. ట్రూ అంటే గంట రాదు, ఎస్ ఆకారంలో పైకి పాకే గీత వస్తుంది. మొదట్లో ఆ 20 కొలతల దగ్గరే గీత ఎత్తు లెక్క కట్టేవాణ్ణి. వరుసలో పెట్టడం మర్చిపోతే పిచ్చిగీతలే. ఇప్పుడు వేరే కాలమ్‌లో సగటుకు అటూ ఇటూ మూడు డీవియేషన్ల దాకా 61 అంకెలు వేసుకుంటాను. గీత నున్నగా వస్తుంది.

డీవియేషన్‌కు ఎస్‌టీడీఈవీ.ఎస్ వాడండి, అది శాంపిల్‌కు. .పి వద్దు, అది మొత్తం సరుకునూ కొలిచినప్పుడు. 20 పీసులకు తేడా రెండున్నర శాతమే కానీ 5 పీసులకు 12 శాతం దాకా పోతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఒకసారి 12 మిల్లీమీటర్ల షాఫ్టులకు సగటు 12.00, డీవియేషన్ 0.02 వచ్చింది. శిఖరం సరిగ్గా 12 మీద, పక్క స్కేలు మీద ఎత్తు 20. మా ఓనర్ చూసి "ఇరవైకి ఇరవై పన్నెండు మీదనే వచ్చినయా!" అని మురిసిపోయాడు. ఆ 20 అనే అంకె పీసుల లెక్క కాదు, సాంద్రత, అంటే ఆ కొలత చుట్టూ పీసులు ఎంత దట్టంగా ఉండాలో ఫార్ములా వేసే అంచనా. డీవియేషన్ చిన్నదైతే ఆ అంకె పెద్దదవుతుంది. నిజానికి 12.00 ఉన్న పీసు ఒక్కటీ లేదు! రెండు లేత్‌ల సరుకు నేనే కలిపేశాను. ఒకదానివి 11.98 దగ్గర, రెండోదానివి 12.02 దగ్గర. ఫార్ములాకు సగటు, డీవియేషన్ తప్ప ఇంకేమీ కనపడదు, ఏమిచ్చినా గంటే గీస్తుంది.

ఎక్సెల్ 2016 నుంచి హిస్టోగ్రామ్ (కొలతలను గడులుగా విడదీసి, ఒక్కో గడిలో ఎన్ని పడ్డాయో చూపే బొమ్మ) ఉంది, గూగుల్ షీట్స్‌లోనూ ఉంది. కానీ 20 అంకెలకు గడుల వెడల్పు కాస్త మారిస్తే బొమ్మే మారిపోతుంది. అందుకే గంట కింద 20 కొలతలనూ చుక్కలుగా పెడుతున్నాను. అదే చార్ట్‌లో ఇంకో సిరీస్, ఎత్తు సున్నా, అంతే. ఒకే కొలత రెండుసార్లు వస్తే రెండో చుక్కను కొంచెం పైకి జరుపుతాను.

చుక్కలు తీసేసి నీటుగా పంపమని పోయిన వారం కూడా ఒక పార్టీ ఫోన్ చేశాడు. తీయలేదు.