బాత్‌రూమ్ డ్రైన్ క్లీనింగ్ వాళ్ళని పిలుస్తున్నారా? నహానీ ట్రాప్‌లో (నేలలో నీళ్ళు పోయే గిన్నెలో) కప్పు మాయం చేసి మా దగ్గర 7,669 పట్టుకుపోయారు, జాగ్రత్త

షవర్ కింద నీళ్ళు పోవట్లేదని ఫోన్‌లో వెతికి, అన్నిటికంటే పైన కనిపించిన నంబరుకి కాల్ చేయబోతున్న వాళ్ళు కాస్త ఆగి ఇది చదవండి. మాది హైదరాబాద్, కానీ ఈ మోసానికి ఊరితో పనిలేదు. కంపెనీ పేరు ఇక్కడ రాయట్లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, పైగా ఇలాంటి వాళ్ళు ఈ పేరు పాడైతే ఇంకో పేరుతో, ఇంకో నంబరుతో దిగుతారు. వాళ్ళు చేసే పని ఎలా ఉంటుందో తెలిస్తే చాలు, ఏ పేరుతో వచ్చినా పట్టుకోవచ్చు.

ముందు మా సమస్య ఏంటో చెప్తాను. కామన్ బాత్‌రూమ్‌లో స్నానం చేస్తుంటే నీళ్ళు చీలమండల దాకా నిలబడేవి, స్నానం అయ్యాక చాలాసేపటికి నింపాదిగా దిగేవి. ఇంట్లో ఆడవాళ్ళకి నడుము దాకా జుట్టు, ఆదివారం వస్తే నూనె పెట్టుకుని తలంట్లు, పిల్లకి సున్నిపిండి, అన్నిటికీ బోరు నీళ్ళు. కారణం ఏమై ఉంటుందో ఊహించడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ఎప్పుడూ వచ్చే మేస్త్రి ఊరెళ్ళాడు, ఇంటికి చుట్టాలు వస్తున్నారు, సరే అని బయటి వాళ్ళని పిలిచాం. ప్రకటనలో "విజిట్ చార్జి 499 మాత్రమే, 90 రోజుల వారంటీ" అని ఉంది.

ఇద్దరొచ్చారు. యూనిఫామ్, చేతిలో మెషిన్ పెట్టె, మాట తీరు కూడా మర్యాదగానే ఉంది. కానీ ఒక్కటి గమనించండి, జాలీ ఎత్తి చూడలేదు. పైనుంచే ఫోన్ టార్చి వేసి, "మేడమ్, లైన్ లోపల కుంగిపోయింది, టైల్స్ కింద నీళ్ళు చేరిపోయాయి, పగలగొట్టి కొత్త పైపు వేసి వాటర్‌ప్రూఫింగ్ చేయాలి" అన్నాడు పెద్దతను. ఎంత అంటే 38,000. మేము ఆలోచిస్తుంటే, ఇప్పుడు చేయించకపోతే కింద ఫ్లాట్ సీలింగ్ పెచ్చులూడుతుంది, వాళ్ళు మీమీద కేసు పెడతారు అని టెన్షన్ పెట్టడం మొదలుపెట్టాడు. అతని ముందే కింద ఫ్లాట్ ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడ ఫాల్స్ సీలింగ్ మూత ఎత్తి చూసి, "పొడిగానే ఉందమ్మా, ఎక్కడా చెమ్మ లేదే, ఎందుకడుగుతున్నావ్?" అన్నారు. అంతే, టైల్స్ మాట మళ్ళీ ఎత్తలేదు. అప్పుడు "కెమికల్ ట్రీట్‌మెంట్" బయటికొచ్చింది.

అసలు వ్యాపారం ఇక్కడే. లీటరు 1,200 అట, ఎన్ని లీటర్లు పడుతుందో పోశాక గానీ తెలియదట. పోసేది వాళ్ళు, లెక్కపెట్టేది వాళ్ళు. క్యాన్ మీద లేబుల్ లేదు. "ఘాటుగా ఉంటుంది మేడమ్, మీరు బయట ఉండండి" అని తలుపు వేసుకున్నారు. కాసేపటికి తలుపు తీసి, ఒక బకెట్ నీళ్ళు గుమ్మరించి చూపిస్తే గుడగుడమని క్షణంలో పోయాయి. చూసిన ఎవరికైనా అబ్బ, బాగైంది అనిపిస్తుంది. 5 లీటర్లు పట్టిందని 6,000, విజిట్ 499, దాని మీద జీఎస్టీ 18 శాతం, మొత్తం 7,669. ఫోన్‌లో స్కాన్ చేసి కట్టేశాం, వెళ్ళిపోయారు.

చుట్టాలు ఉండగానే కంపు మొదలైంది. మామూలు కంపు కాదు, మ్యాన్‌హోల్ మూత తీసినట్టు. రాత్రి లైటు వేస్తే జాలీ దగ్గర బొద్దింకలు. ఇంకొన్నాళ్ళకి నీళ్ళు మళ్ళీ ఆగడం మొదలైంది, ఈసారి ఇదివరకటి కంటే మొండిగా. వారంటీ అని ఫోన్ చేస్తే "అది వేరే సమస్య మేడమ్, దానికి మళ్ళీ విజిట్ చార్జి కట్టాలి" అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

మా మేస్త్రి ఊరి నుంచి వచ్చాక చూసి, జాలీ ఎత్తగానే అడిగిన మొదటి మాట, "దీంట్లో కప్పు ఏదమ్మా?"

ఈ కప్పు సంగతి తెలియకే చాలామంది మోసపోతున్నారు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మన ఫ్లాట్లలో చాలాచోట్ల బాత్‌రూమ్ నేలలో ఉండే నహానీ ట్రాప్ ఎలా ఉంటుందంటే, జాలీ కింద ఒక గిన్నె, గిన్నె మధ్యలోంచి పైకి లేచిన పైపు మూతి, ఆ మూతి మీద బోర్లించిన ఒక కప్పు. గిన్నెలో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచి ఉంటాయి, కప్పు అంచు ఆ నీళ్ళలో మునిగి ఉంటుంది. స్నానం నీళ్ళు అంచు కిందుగా దూరి, పైకెక్కి, పైపులోకి పడతాయి. డ్రైనేజీ లైన్లోంచి వచ్చే గాలికీ పురుగులకీ మాత్రం ఆ నీళ్ళే అడ్డం. కప్పు తీసేస్తే ఏమవుతుంది? నీళ్ళు తిన్నగా పైపులోకి దూకుతాయి కాబట్టి చాలా ఫాస్టుగా పోతాయి, కస్టమర్ సంతోషిస్తాడు. కానీ అడ్డం పోయింది, కంపు పైకొస్తుంది. పైగా ఇన్నాళ్ళూ కప్పు దగ్గర చిక్కుకునే జుట్టంతా ఇప్పుడు లోపలి పైపులోకి పోయి అక్కడ చుట్టుకుంటుంది. అంటే చేతికి అందే జామ్‌ని చేతికి అందని చోటికి పంపించారన్నమాట, దానికి డబ్బులు కూడా తీసుకున్నారు.

మేస్త్రి చేతికి పాల కవరు తొడుక్కుని గిన్నెలో చెయ్యి పెట్టి లాగితే మూరెడు జుట్టు తాడు వచ్చింది. నల్లగా, జిగటగా, కొబ్బరినూనె కంపు. దాన్ని పట్టుకుని సబ్బు తెట్టు, సున్నిపిండి పేస్టు, షాంపూ ప్యాకెట్ చించిన ముక్కలు, రెండు స్టిక్కర్ బొట్లు. అన్నిటికంటే అడుగున గిన్నెకి అతుక్కుపోయి వైట్ సిమెంట్ గడ్డ, టైల్స్ వేసినప్పుడు కడిగి అందులోకే వదిలేసింది! దాన్ని స్క్రూడ్రైవర్‌తో ఊడగొట్టాడు. ఆ ఐదు లీటర్ల కెమికల్ వీటిలో దేన్నీ ముట్టుకోలేదు. లోపలికి స్ప్రింగ్ (పైపులోకి దూర్చి తిప్పే పొడవాటి తీగ చుట్ట) వేసి తిప్పి ఇంకో ముద్ద లాగాడు. ఆయన తీసుకుంది 500, హార్డ్‌వేర్ షాపులో కప్పు 180.

ఇక ఆ కెమికల్ ఏంటో. వాళ్ళు చెప్పలేదు, కానీ నేల మీద ఒలికిన చోట టైల్స్ సందుల్లో సిమెంట్ తినేసి గుంటలు పడ్డాయి, స్టీలు జాలీ మీద నల్ల మచ్చలు, తుప్పు. సిమెంట్‌ని అలా తినేది యాసిడ్. బాత్‌రూమ్ కడగడానికి అమ్మే యాసిడ్ ఉంటుంది చూడండి, హైడ్రోక్లోరిక్, అది జుట్టుని కరిగించదు. జుట్టుని, నూనె జిడ్డుని కరిగించేది కాస్టిక్ సోడా, అంటే షాపుల్లో ప్యాకెట్లలో దొరికే డ్రైన్ క్లీనర్ పొడి. అదీ తక్కువదేం కాదు. నీళ్ళు తగిలితే బాగా వేడెక్కుతుంది, చర్మం మీద పడితే కాలుస్తుంది, ట్రాప్‌లో సరిగ్గా కరగకపోతే రాయిలా గడ్డకట్టి జామ్ ఇంకా ఎక్కువవుతుంది.

వాళ్ళు చేసిన వాటిలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది డబ్బు విషయం కూడా కాదు. క్యాన్ వంచే ముందు "ఇంతకుముందు ఏదైనా పొడి గానీ బ్లీచింగ్ గానీ వేశారా" అని ఒక్క మాట అడగలేదు. మేం ఏమీ వేయలేదు కాబట్టి సరిపోయింది. ట్రాప్‌లో కాస్టిక్ పొడి ఉండగా దాని మీద యాసిడ్ పోస్తే సలసల కాగి మొహం మీదికి చిమ్ముతుంది. బ్లీచింగ్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, కిటికీ లేని బాత్‌రూమ్‌లో తలుపు వేసుకుని ఉంటే ప్రాణం మీదికే వస్తుంది. ఎవరొచ్చినా సరే, మీరు ముందు ఏం వేశారో మీరే చెప్పండి. వాళ్ళు ఏం పోస్తున్నారో లేబుల్ చూడకుండా పోయనివ్వకండి.

ఎవరినైనా పిలిచే ముందు మీరే చూసుకోగలిగేవి కొన్ని ఉన్నాయి, పెద్ద పనేం కాదు. జాలీ తీసేసి ఒక బకెట్ నీళ్ళు పోయండి. జాలీ లేకుండా బాగా పోతుంటే తప్పు జాలీదే, బొద్దింకలు రాకుండా అని సన్న చిల్లులవి వేస్తారు, వాటికి సబ్బు తెట్టు పట్టేస్తుంది, పాత టూత్‌బ్రష్‌తో తోమితే అయిపోతుంది. జాలీ తీసినా నీళ్ళు వెంటనే నిండిపోతున్నాయంటే అడ్డం ట్రాప్‌లోనే ఉంది, చెయ్యి పెడితే అందుతుంది, గ్లవ్స్ వేసుకోండి, కప్పుని తిప్పి పైకి లాగితే వస్తుంది. అలా కాకుండా మొదటి బకెట్ సాఫీగా పోయి, కాసేపయ్యాక నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయంటే అడ్డం లోపలెక్కడో పైపులో ఉంది, దానికి స్ప్రింగ్ కావాలి. వాష్ బేసిన్ నీళ్ళు వదిలితే నేల మీద ట్రాప్‌లోంచి పైకొస్తున్నాయా? చాలా ఇళ్ళలో బేసిన్ పైపుని ఈ ట్రాప్‌కే కలుపుతారు, కాబట్టి అది చూసి రెండు పైపులు జామ్ అని ఎవరైనా రెండు బిల్లులు వేస్తే ఒప్పుకోకండి. ట్రాప్‌లో అడ్డమేమీ లేకుండా నీళ్ళు మాత్రం ఒక మూల నిలబడుతుంటే అది జామే కాదు, టైల్స్ వాలు సరిగ్గా లేదు, ఏ కెమికల్ పోసినా లాభం లేదు.

ఇంకొకటి, ఇది అపార్ట్‌మెంట్ల వాళ్ళకి. మీరు నీళ్ళు వాడకపోయినా పై ఫ్లాట్ వాళ్ళు స్నానం చేసినప్పుడు మీ ట్రాప్‌లో నీళ్ళు పైకొస్తుంటే, లేదా మీ ఫ్లాట్‌లో అన్ని బాత్‌రూమ్‌లూ ఒకేసారి మొరాయిస్తుంటే, అడ్డం డక్ట్‌లోని (అన్ని ఫ్లాట్ల పైపులు దిగే సందులోని) నిలువు లైన్లోనో కింద డ్రైనేజీ చేంబర్‌లోనో ఉంది. అది అసోసియేషన్ చూసుకోవాల్సిన పని, మీ జేబులోంచి కట్టక్కర్లేదు. ముందు వాచ్‌మన్‌తో చేంబర్ మూత తీయించి చూడండి.

సలసల కాగే నీళ్ళు పోస్తే నూనె కరుగుతుందని మా ఇంట్లో కూడా సలహా ఇచ్చారు. పీవీసీ పైపులున్న చోట వద్దు, ఆ వేడికి పైపు మెత్తబడుతుంది, జాయింట్లు వదులవుతాయి. చెయ్యి పెట్టగలిగేంత వేడి చాలు. హార్డ్‌వేర్ షాపులో ముళ్ళున్న ప్లాస్టిక్ పట్టీ దొరుకుతుంది, జుట్టు లాగడానికి, చవకే. అది ఒకటి కొని బాత్‌రూమ్ తలుపు వెనకాల తగిలించుకుంటే సగం ఫోన్ కాల్స్ తప్పుతాయి.

అయినా మనిషిని పిలవాల్సే వచ్చిందనుకోండి. జాలీ, కప్పు మీ కళ్ళముందే తీయమనండి, తీసినప్పుడు ఒక ఫొటో తీసుకోండి, వెళ్ళే ముందు మళ్ళీ పెట్టించి ఇంకో ఫొటో తీసుకోండి. బకెట్ టెస్ట్ కప్పు పెట్టాకే చేయించండి, పోసిన నీళ్ళు పోయాక గిన్నెలో కొంచెం నీళ్ళు నిలిచి ఉన్నాయో లేదో టార్చి వేసి చూడండి, ఉంటేనే డబ్బులు. లీటర్ల లెక్క, అడుగుల లెక్క ఒప్పుకోవద్దు, పని మొత్తానికి ఇంత అని ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. టైల్స్ పగలగొట్టాలంటే కెమెరా వేసి పగులు ఎక్కడుందో చూపించమనండి, అదీ మీ బాత్‌రూమ్‌లోదేనని తెలిసేలా జాలీ దగ్గర్నుంచి వీడియో మొదలవ్వాలి, ఎవరింట్లోదో పాత వీడియో చూపించే ఘనులు కూడా ఉంటారు.

బిల్లు విషయం. జీఎస్టీ వసూలు చేస్తే బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, తెలంగాణలో రిజిస్టర్ అయినదైతే 36తో, ఆంధ్రాలోదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే ఎవరిదో తెలిసిపోతుంది. మా బిల్లులో నంబరే లేదు, అంటే ఆ 18 శాతం ప్రభుత్వానికి కాదు, తిన్నగా వాళ్ళ జేబులోకే.

ఇప్పుడు ఫిర్యాదు ఎక్కడ ఉందంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించాం, బిల్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్, కప్పు లేని ట్రాప్ ఫొటో, పాడైన టైల్స్ ఫొటో అన్నీ దగ్గర పెట్టుకున్నాం. నమోదైన తర్వాత, ఇన్నాళ్ళూ ఎత్తని నంబరు నుంచే ఫోన్ వచ్చింది, 2,000 వెనక్కిస్తాం, ఫిర్యాదు తీసేయండి అని. కుదరదన్నాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు కూడా లేదు. మొత్తం 7,669తో పాటు పాడుచేసిన జాలీ ఖర్చు, టైల్స్ సందులు మళ్ళీ నింపించిన ఖర్చు కూడా అడుగుతున్నాం.