ఆటోనగర్ రేకుల షెడ్డులో పార్కూర్: ఎనిమిది నెలల తరువాత

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే వీధుల మధ్య, ఒకప్పుడు సామాను నిల్వ చేసిన రేకుల షెడ్డులో పార్కూర్ నేర్పుతున్నారని పక్కింటివారు చెప్పినప్పుడు, మా అమ్మాయిని అక్కడికి పంపడానికి నేను వెంటనే ఒప్పుకోలేదు. పార్కూర్ అంటే గోడలు, మెట్లలాంటి అడ్డంకులను పరుగెత్తుతూ, దూకుతూ, ఎక్కుతూ దాటే సాధన. అందులో మేడ మీద నుంచి మేడ మీదికి దూకే వీడియోలే అప్పటివరకు నేను చూసినవి. అమ్మాయికి పదమూడేళ్లు. అంతకుముందు వేరొకచోట రెండేళ్లు ఒక ఆటలో శిక్షణ తీసుకుంది. అక్కడ ప్రతి శనివారం పిల్లల పేర్లు ర్యాంకుల వారీగా బోర్డు మీద రాసేవారు. మా అమ్మాయి పేరు ఎప్పుడూ అడుగు వరుసల్లోనే ఉండేది. శుక్రవారం రాత్రయ్యేసరికి కడుపునొప్పి అనేది. మాన్పించిన తరువాత ఆరు నెలలపాటు ఏ మైదానం పేరెత్తినా లోపలి గదిలోకి వెళ్లిపోయేది. ఆ పిల్లే ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు తనంతట తాను బూట్లు తొడుక్కుని నన్ను తొందరపెడుతోంది. నాలుగో నెల నుంచి ఆదివారంనాడు పెద్దల తరగతిలో నేనూ చేరాను కాబట్టి, ఈ మాటలు గట్టు మీద కూర్చుని చూసి రాస్తున్నవి కావు.

లోపల ఆడంబరమేమీ లేదు. మోకాలి ఎత్తు నుంచి ఛాతీ ఎత్తు వరకు ప్లైవుడ్ పెట్టెలు, ఇనుప గొట్టాలతో బిగించిన కమ్ములు, ఒక మూల పాత లారీ టైర్లు, దొర్లడం నేర్చుకునే చోట పరుపులు, అంతే. కమ్ములను పక్క వర్క్‌షాపు మేస్త్రీగారే వెల్డింగ్ చేసి ఇచ్చారట. మొదటిరోజు నేను ప్రతి అతుకు మీదా వేళ్లు పోనిచ్చి చూశాను. ఎక్కడా గీరుకోకుండా ఆకురాయితో నున్నగా అరగదీసి ఉన్నాయి. నాకు సగం ధైర్యం అక్కడే వచ్చింది.

మొదటి నెలంతా దిగడమే నేర్పారు. మోకాలి ఎత్తు పెట్టె మీద నుంచి దూకి, మడమలు నేలకు కొట్టకుండా పాదాల ముందు భాగం మీద వాలి, మోకాళ్లు వంచి, చప్పుడు లేకుండా ఆగాలి. శిక్షకుడు పిల్లల వైపు వీపు తిప్పి నిలబడి, కేవలం వింటారు. ధబ్‌మని శబ్దం వస్తే "మళ్లీ, తల్లీ" అంటారు తప్ప విసుక్కోరు. ఒక్కసారి కుదిరితే కుదిరినట్టు కాదన్నది అక్కడి నియమం. వరుసగా ఐదుసార్లు నిశ్శబ్దంగా దిగినవారికే తరువాతి పెట్టె. ఎత్తు ఎక్కువైనప్పుడు ఆ వేగాన్ని ఒక భుజం మీదుగా ఎదుటి తుంటి వైపుకు ఏటవాలుగా దొర్లి వదిలించుకోవడం నేర్పుతారు. అలా దొర్లితే వెన్నెముక నేరుగా నేలకు తగలదు. ఎముకల డాక్టరు దగ్గరికి పరుగెత్తవలసి వస్తుందేమోనని నేను భయపడిన ఈ శిక్షణలో, ఎక్కువ సమయం దెబ్బ తగలకుండా పడటం నేర్చుకోవడానికే పోతోంది.

భయంతో వ్యవహరించే తీరు ఈ తరగతుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది. ఇక్కడ దూరాన్ని ఎవరి పాదంతో వారు కొలుచుకుంటారు. మా అమ్మాయి నేల మీద సుద్దముక్కతో గీసిన ఏడు పాదాల దూరాన్ని సునాయాసంగా దూకేది. రెండు పెట్టెల మధ్య ఆరు పాదాలు దూకమంటే మాత్రం అంచున నిలబడి, చేతులు ఊపి, మళ్లీ దించేసేది. "దూకెయ్, ఏం కాదు" అని ఎవరూ అరవలేదు. అలా అరవడం అక్కడ నిషేధం. శిక్షకుడు దగ్గరికి వెళ్లి "కాళ్లు రానంటున్నాయా అమ్మా, ఎత్తు చూస్తే భయమేస్తోందా?" అని అడిగారు. ఎత్తేనని చెప్పింది. మరుసటి తరగతిలో అదే దూరాన్ని జానెడు ఎత్తు చెక్కల మీద పెట్టారు. ఆ పైవారం మోకాలి ఎత్తుకు తెచ్చారు. మూడో వారం ఎవరూ చూడని సమయం చూసుకుని తనే పెద్ద పెట్టెల మీద దూకి, వెనక్కి తిరిగి మళ్లీ దూకింది. దూకకుండా దిగి వచ్చిన రోజులను కూడా శిక్షకుడు సాధన కిందే లెక్కవేశారు.

తల్లిదండ్రులలో ఒకరు "పోటీలకు ఎప్పుడు తీసుకెళ్తారండీ, సర్టిఫికెట్ ఏమైనా ఇస్తారా?" అని అడిగారు. మనవైపు అది సహజమైన ప్రశ్నే. తాము పోటీల కోసం నేర్పడం లేదని శిక్షకుడు చెప్పారు. ఆ సమాధానం విన్నాక నేను కూడా కొంత చదివాను. పారిస్ శివారులోని లిస్, ఎవ్రీ పట్టణాల్లో డేవిడ్ బెల్, ఆయన మిత్రులు గోడలు, మెట్లు, రెయిలింగులనే సాధనాలుగా చేసుకుని దీన్ని రూపొందించారు. డేవిడ్ తండ్రి రేమండ్ బెల్ పారిస్ అగ్నిమాపక దళంలో పనిచేసినవారు. రేమండ్ పొందిన శిక్షణ వెనుక ఫ్రెంచి నౌకాదళ అధికారి జార్జ్ ఎబేర్ పద్ధతి ఉంది; పదిమందికి ఉపయోగపడటానికే బలంగా ఉండాలన్నది ఆయన సూత్రం. ఆ మిత్రులతో 1997లో ఏర్పడిన బృందం పెట్టుకున్న యమకాసి అనే పేరు కూడా కాంగో ప్రాంతపు లింగాల భాషలో బలమైన శరీరం, బలమైన మనసు అనే అర్థం వచ్చేదే. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య 2022లో టోక్యోలో మొదటి ప్రపంచ పోటీలు జరిపిన మాట నిజమే. ఆ సమాఖ్య పార్కూర్‌ను తన కిందికి తెచ్చుకోవడాన్ని పలు దేశాల పార్కూర్ సంఘాలు వ్యతిరేకించిన మాట కూడా అంతే నిజం. ఈ షెడ్డువారు ఆ రెండో పక్షాన ఉన్నారు. మా చిన్నతనంలో చింతచెట్టెక్కి ఆడిన కోతికొమ్మచ్చిలో దొంగ మారుతూ ఉండేవాడే గానీ, కప్పు గెలుచుకున్నవాడు ఎవడూ లేడు.

ఆదివారం ఉదయం పెద్దల తరగతిని అప్పుడప్పుడు 2016 పుష్కరాలకు విస్తరించిన కృష్ణ ఘాట్ల మెట్ల మీద నడుపుతారు. స్నానాలకు వచ్చినవారికి అడ్డు రాకుండా ఒక చివర చోటు చూసుకుని, ముందుగా అక్కడి ప్లాస్టిక్ కవర్లు, సీసా పెంకులు ఏరేసిన తరువాతే మొదలుపెడతారు. మాలో రిటైరైన ఆర్టీసీ డ్రైవరు ఒకరున్నారు, మోకాళ్లు అంతంతమాత్రం. చేతులూ కాళ్లూ ఆన్చి నలభై మెట్లు ఎక్కే వ్యాయామంలో ఒకరోజు ఆయన సగంలో ఆగిపోయారు. అప్పటికే పైకి చేరిన పద్నాలుగు మందీ దిగి వచ్చి, ఆయనకు ఇరువైపులా చేరి, ఆయన వేగంతోనే మళ్లీ ఎక్కారు. కలిసి మొదలుపెట్టినవారు కలిసే ముగించాలన్నది అక్కడి పద్ధతి. పైన కూర్చుని ఆయన "బస్సు నడిపినన్నాళ్లూ నేనే అందర్నీ చేర్చానమ్మా" అని నాతో అన్నారు.

లోపాలు కూడా చెప్పాలి. వేసవిలో రేకుల కింద సాయంత్రం ఐదు గంటలకు నిలబడటం కష్టం. ఏప్రిల్, మే నెలల్లో తరగతులను ఉదయం ఆరుకు మార్చాలి. ఆడవారు బట్టలు మార్చుకోవడానికి గది లేదు, ఒక మూల పరదా కట్టారు. ఎనిమిది నెలల్లో రెండుసార్లు అడిగాను. పదేళ్లలోపు పిల్లల తరగతిలో ఇరవై రెండు మందికి శిక్షకుడు, సహాయకుడు ఇద్దరే ఉండటం నాకు నచ్చలేదు. ఒకసారి నేను ఆలస్యంగా వెళ్లినప్పుడు మణికట్టు వ్యాయామాలు చేయించకుండానే వరుసలో కలుపుకున్నారు. వారం రోజులు చేయి నొప్పిపెట్టింది. ఆ సంగతి చెప్పిన తరువాత ఆలస్యంగా వచ్చినవారికి విడిగా పది నిమిషాలు చేయిస్తున్నారు.

రుసుము నెలకు 1,500 రూపాయలు. ఒకే ఇంటి నుంచి ఇద్దరు వస్తే రెండోవారికి సగం. మొదటి తరగతికి డబ్బు తీసుకోరు. అరగని రబ్బరు అడుగున్న బూట్లు, మోచేతులు కప్పే చొక్కా ఉంటే చాలు. పిల్లలను చేర్చాలా వద్దా అని తేల్చుకోలేని తల్లిదండ్రులు మంగళవారం సాయంత్రం వెళ్లండి. ఆ రోజు కొత్తవారికి దిగడం నేర్పుతారు.