కుక్కా పిల్లీ ఉన్న ఇంట్లో ఎలుకలకు ఏది మేలు: మందా, గమ్ ప్యాడా, బోనా?

కిరాణా కొట్లో ఎలుకల మందు అడిగితే ఎక్కువగా ఇచ్చేవి బ్రోమాడయోలోన్ బిళ్లలు. వాటిలో మందు 0.005 శాతమే. అది విటమిన్ కె పని చేయకుండా అడ్డుపడుతుంది, రక్తం గడ్డకట్టదు, ఎలుక 3 నుంచి 7 రోజుల్లో లోపలే రక్తం కారి చస్తుంది. చిక్కంతా ఆ మధ్య రోజుల్లోనే ఉంది. మందు తిన్న ఎలుక మందకొడిగా, పట్టపగలే గోడ వారన తిరుగుతుంది. పిల్లికి సులువుగా చిక్కేది అదే, దాని ఒంట్లో మందూ అలాగే ఉంటుంది. తాళం వేసే డబ్బాలో బిళ్లలు పెడితే కుక్క మూతి దూరదు గానీ, ఆ ఎలుకను తినే పిల్లిని డబ్బా ఆపలేదు.

నల్లపొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్ ఇంకా ప్రమాదం. కడుపులోని ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది, దానికి విరుగుడు లేదు. తిన్న కుక్క వాంతి చేసుకుంటే ఆ గాలి పీల్చిన మనుషులకూ ముప్పే. పెంపుడు జంతువులున్న ఇంట్లోకి ఇది రాకూడదు.

గమ్ ప్యాడ్ అంటే ఎలుక అంటుకుపోయే జిగురు అట్ట. అందులో విషం లేదని చాలామంది దానివైపు మొగ్గుతారు. కానీ ఎలుక గంటల తరబడి పెనుగులాడి చస్తుంది. జిగురు అట్టలు వద్దని జంతు సంక్షేమ మండలి కూడా రాష్ట్రాలకు సూచించింది. పిల్లిపిల్ల కాలికి అంటితే లాగకండి, చర్మం ఊడొస్తుంది. వంటనూనె పట్టించి, మెల్లగా రుద్ది వదిలించాలి.

నా ఓటు ఇనుప బోనుకే. కుక్క ఎర లాగినా, పిల్లి పంజా పెట్టినా ప్రాణాపాయం ఉండదు. చాలా ఇళ్లలో బోను ఖాళీగా మిగలడానికి కారణం తొందరే. చిట్టెలుక కొత్త వస్తువును వెంటనే చూడ్డానికొస్తుంది, పెద్ద ఎలుక మాత్రం అనుమానించి రోజుల తరబడి చుట్టూ తిరిగి పోతుంది. అందుకే మొదటి 3, 4 రాత్రులు తలుపు తీసి కట్టేసి, లోపల ఎర మాత్రం పెట్టండి. ఎర తినడం మొదలెట్టాకే కొక్కెం తగిలించండి. కొబ్బరి ముక్క, ఎండుచేప, పకోడీ ఏదైనా సరే, దారంతో కొక్కేనికి గట్టిగా కట్టాలి. వదులుగా పెడితే తలుపు పడకుండానే ఎత్తుకుపోతుంది. బోను గది మధ్యలో కాదు, గోడకు ఆనించి, నల్లటి జిడ్డు మరకలున్న దారిలో పెట్టాలి. చిక్కాక పైన గోనెసంచి కప్పితే ఎలుక కుదురుగా ఉంటుంది, చేతికి తొడుగు వేసుకుని తీసుకెళ్లొచ్చు.

చిట్టెలుకలు మరీ ఎక్కువైతే స్ప్రింగు ట్రాప్ త్వరగా పనిచేస్తుంది. విడిగా మాత్రం పెట్టొద్దు. కుక్క మూతి, పిల్లి కాలు నలుగుతాయి. గట్టి చెక్కపెట్టెలో పెట్టి, గోడ వైపు 3 సెంటీమీటర్ల రంధ్రం ఒక్కటే ఉంచండి.

పిల్లి ఉంది కదా అని వదిలేస్తే? చిట్టెలుకల వరకు సరే. కిలో దాకా పెరిగే పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోవు, పోయినవి కరిపించుకుంటాయి, గాయం చీము పడుతుంది.

ఏది వాడినా దారులు మూయకపోతే వారంలో కొత్తవి వస్తాయి. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు. సింకు పైపు చుట్టూ ఉన్న కంతలో స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు పూయండి. ఒట్టి ఎంసీల్‌ను కొరికేస్తాయి. ఇంకొకటి, రాత్రంతా వరండాలో ఉండే కుక్క గిన్నె. కుక్క తినగానే ఎత్తి కడగండి, మేత సంచిని మూత బిగిసే డబ్బాలోకి మార్చండి. ఆ గిన్నెలో ఎలుక మూత్రం పడితే కుక్కకు లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు, ఏటా టీకా వేయించాలి.

ఇప్పటికే బిళ్లలు పెట్టేసి ఉంటే లెక్కపెట్టి తీసేయండి. కుక్క తిన్నదన్న అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు, రెండు మూడు రోజులు అది మామూలుగానే తిరుగుతుంది, చిగుళ్లు పాలిపోయి ఆయాసం వచ్చేది ఆ తర్వాతే. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. మందు పొట్లంతో సహా అదే రోజు పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. బ్రోమాడయోలోన్ అని తెలిస్తే విటమిన్ కె1 మొదలుపెడతారు, వారాల తరబడి వాడాల్సి ఉంటుంది. కుక్క హుషారైందని మధ్యలో మానేస్తే రక్తస్రావం మళ్లీ మొదలవుతుంది.